ఇరవై రాళ్ళు చెప్పే సేలం కథ

సేలం అనగానే మన వారికి ముందుగా తమిళదేశపు మామిడిపళ్ళు గుర్తుకు వస్తాయి. నేను చెప్పబోయే సేలం అది కాదు. అమెరికా తూర్పుతీరాన, మసాచుసెట్స్ రాష్ట్రంలో, బోస్టన్ నగరానికి ఈశాన్యంగా పాతిక కిలోమీటర్ల దూరాన, సముద్రపు ఒడ్డునున్న చిన్న పట్టణం ఇది. జనాభా సుమారు 44 వేలు. మన లెక్కలో ఒక మోస్తరు తాలూకా కేంద్రం. హీబ్రూ భాషలో శాంతి అనే అర్థంగల మాట నుంచి ఆ పేరు వచ్చింది. ఒకప్పుడు ఇక్కడి ఓడలు కలకత్తా, మద్రాసు రేవుల దాకా వచ్చి వర్తకం చేసుకుపోయేవి. కాని లోకంలో ఈ ఊరికి ప్రసిద్ధి వచ్చింది శాంతివల్లా కాదు, వర్తకంవల్లా కాదు. 1692లో మంత్రగత్తెలనే నెపం మీద ఇరవైమంది ప్రాణాలు తీసినందువల్ల వచ్చింది.

బోస్టన్‌లో నార్త్ స్టేషన్ అనే చోట రైలెక్కితే అరగంటలో సేలంలో దిగవచ్చు. మా తమ్ముడు ఆ నగరానికి దగ్గరలోనే కాపురముంటున్నాడు. వేసవి సెలవులలో వాళ్ళింటికి వెళ్ళిన నేను సేలం చూస్తానంటే మా మరదలు నవ్వింది. "నయాగరా ఉండగా, న్యూయార్కు ఉండగా, బావగారికి ఈ దయ్యాల ఊరెందుకు నచ్చిందో!" అన్నది. ఏళ్ళ తరబడి విద్యార్థులకు నాటకం పాఠం చెబుతున్నవాణ్ణి. ఆర్థర్ మిల్లర్ రాసిన 'ది క్రూసిబుల్' నాటకానికి జన్మస్థలం అంత చేరువలో ఉండగా చూడకుండా రావడానికి మనసొప్పలేదు. హైస్కూలులో చదువుతున్న మా తమ్ముడి కూతురు, "మాకది పాఠం పెదనాన్నా, నేనూ వస్తాను" అని బయలుదేరింది. అమెరికా హైస్కూళ్ళలో చాలాచోట్ల ఆ నాటకం నిజంగానే పాఠ్యగ్రంథం.

టోపీలు, చీపుళ్ళు

స్టేషను దాటి ఎసెక్స్ వీధిలోకి వచ్చేసరికి ఏదో తిరనాళ్ళలోకి అడుగుపెట్టినట్లయింది. దుకాణాల ముందు కొసదేరిన నల్లటోపీలు, చీపురుకట్టలు, మంత్రపు సీసాలు, జోస్యం చెప్పే గదులు! పోలీసు కార్ల మీద సైతం చీపురెక్కి ఎగిరే మంత్రగత్తె బొమ్మ. ఊరి హైస్కూలు ఆటలజట్టు పేరే 'మంత్రగత్తెలు'. ఒక కూడలిలో టెలివిజన్ కథలోని మంత్రగత్తె కంచు విగ్రహం ఒకటి నవ్వుతూ కూర్చుని ఉంది, 2005లో పెట్టారు. అక్టోబరు నెలాఖరున వచ్చే హాలోవీన్ పండుగకు జనం విరగబడతారు. ఇటీవలి సంవత్సరాలలో ఆ ఒక్క నెలలోనే పది లక్షలమందికి పైగా వచ్చి వెళుతున్నారు.

ఈ సరదా మధ్య ఒక సంగతి మరుగున పడిపోతున్నది. 1692లో ఇక్కడ ప్రాణాలు పోగొట్టుకున్న వారిలో మంత్రగత్తె ఒక్కరు కూడా లేరు. పైగా, మేము మంత్రగాళ్ళం కామని చివరిదాకా చెప్పినందుకే వారు చచ్చిపోయారు.

అదే వీధి చివర నల్లరంగు చెక్కలతో, నిటారుగా వాలిన కప్పుతో ఒక పాత ఇల్లున్నది. దాన్ని 'మంత్రగత్తె ఇల్లు' అంటారు. అందులో మంత్రగత్తెలెవరూ కాపురముండలేదు. ఉన్నది వారిని విచారణ చేసిన మెజిస్ట్రేటు జొనాథన్ కార్విన్! ఆనాటి విచారణలతో నేరుగా సంబంధమున్న కట్టడాలలో సేలం పట్టణంలో ఇప్పటికీ నిలిచి ఉన్నది ఇదొక్కటే. లోపల తక్కువ ఎత్తు దూలాలు, పెద్ద పొయ్యి, మసక వెలుతురు. పేరుప్రతిష్ఠలన్నీ న్యాయాధిపతివి, పేరు మాత్రం మంత్రగత్తెది!

కథ పుట్టిన పల్లె

నిజానికి ఈ కథ పుట్టింది సేలం పట్టణంలో కాదు. దానికి ఎనిమిది కిలోమీటర్ల దూరానున్న సేలం పల్లెలో. ఆ పల్లె పట్టణం నుంచి విడిపోయి ఇప్పుడు డాన్వర్స్ అని పిలవబడుతున్నది. యాత్రికులు పట్టణంతోనే తృప్తిపడి వెళ్ళిపోతారు. మేము కారులో అక్కడికీ వెళ్ళాము. ఇళ్ళ వెనుక సందులో, గడ్డి మధ్య, కొన్ని రాళ్ళ వరుసలు కనిపిస్తాయి. 1970లో తవ్వగా బయటపడిన పునాది అది. పల్లె మతగురువు శామ్యూల్ పారిస్ నివసించిన ఇంటిది. ఇరవైమంది మరణానికి నిప్పురవ్వ రాజుకున్న చోటు అంతే. ఒక వంటగది, ఒక పడకగది పట్టేటంత.

1692 జనవరి చలికాలంలో ఆ ఇంట్లో తొమ్మిదేళ్ళ బెట్టీకి, ఆమె బంధువైన పదకొండేళ్ళ ఆబిగైల్‌కు ఏదో జబ్బు పట్టుకున్నది. అరవడం, మెలికలు తిరగడం, ఎవరో గిల్లుతున్నారనడం. వైద్యుడు చూసి, ఇది నా మందుకు లొంగేది కాదు, దుష్టశక్తి పని అన్నాడు. క్రమంగా ఇరుగుపొరుగు పిల్లలకూ అదే పట్టుకున్నది. ఎవరు చేశారు, ఎవరు చేశారు అని పెద్దలు గుచ్చిగుచ్చి అడగగా ముగ్గురి పేర్లు బయటికి వచ్చాయి. ఒకతె ఇంటింటా ముష్టెత్తుకునే సారా గుడ్. రెండవది చాలాకాలంగా చర్చి మొగం చూడని సారా ఆస్‌బోర్న్. మూడవది ఆ ఇంట్లోనే బానిసగా ఉన్న టిట్యూబా. కోర్టు కాగితాలలో టిట్యూబాను 'ఇండియన్' అని రాశారు. మన దేశస్థురాలు కాదు. అమెరికా ఖండపు ఆదివాసి అని అర్థం. మొదట నిందపడ్డవారు ముగ్గురూ అండలేనివారే అన్న మాట పాఠకులు గమనించాలి.

పిల్లల మాట పెద్దలెందుకు నమ్మారు? ఆ పల్లె అప్పటికే ఎండుగడ్డి వామిలా ఉంది. సరిహద్దు తగాదాలు, భూముల వ్యాజ్యాలు, పట్టణంతో పేచీలు. మతగురువుకు జీతమూ వంటచెరకూ ఇవ్వబోమని ఒక వర్గం భీష్మించుకుని కూర్చున్నది. ఉత్తరాన యుద్ధం; ఇళ్ళు తగలబడి పారిపోయి వచ్చినవారు ఊళ్ళో ఉన్నారు. కీడంతా సైతాను పన్నాగమని ఆదివారం ఆదివారం ప్రసంగాలలో వింటూ ఉన్నారు. అట్లాంటి చోట ఎవరి మీద కోపముంటే వారి పేరు నాలుకమీదికి రావడం ఎంతసేపు?

కనిపించని సాక్ష్యం

మే నెలలో గవర్నరు విలియం ఫిప్స్ ఒక ప్రత్యేక న్యాయస్థానం ఏర్పాటు చేశాడు. అందులో చిత్రమైన సాక్ష్యం ఒకటి చెల్లుబాటయింది. "ఈమె ఛాయారూపం రాత్రి నా గదిలోకి వచ్చి నా గొంతు పిసికింది" అని ఒక పిల్ల చెబితే చాలు. ఆ రాత్రి నేను నా ఇంట్లో పడుకుని ఉన్నానని ముద్దాయి అంటే ప్రయోజనం లేదు. వచ్చింది శరీరం కాదు, ఛాయ! ఇతరులకు కనిపించనిదాన్ని ఎవరు ఖండించగలరు?

ఇంతకన్న చిత్రం మరొకటి ఉన్నది. నేరం ఒప్పుకున్నవారు బతికారు. అవును, నేను సైతానుతో ఒడంబడిక రాసుకున్నాను, నాతోపాటు ఫలానా ఫలానావారు ఉన్నారు అని నలుగురి పేర్లు చెప్పినవారిని తరువాతి సాక్ష్యాల కోసం అట్టే పెట్టుకున్నారు. టిట్యూబా అట్లాగే ఒప్పుకుని బతికింది. బతికి మాత్రం ఏం లాభం? జైలు ఖర్చు చెల్లించనిదే వదలరు, యజమాని చెల్లించలేదు. పదమూడు నెలలు జైలులో మగ్గి, చివరికి ఆ డబ్బు కట్టిన మరొకరికి అమ్ముడుపోయింది. కాదు అన్నవారి గతి ఉరికొయ్య. శామ్యూల్ వార్డ్‌వెల్ అనే వడ్రంగి ముందు ఒప్పుకుని, తరువాత అది అబద్ధమని మాట వెనక్కి తీసుకున్నాడు. ఆయననూ ఉరితీశారు. అబద్ధమాడితే ప్రాణం, నిజం చెబితే మరణం! మన హరిశ్చంద్రుడికి కూడా పరీక్ష ఇంత సూటిగా పెట్టలేదు.

డాన్వర్స్‌లోనే రెబెకా నర్స్ అనే ఇల్లాలి పొలమూ ఇల్లూ ఇంకా ఉన్నాయి. ఆమెకు 71 ఏళ్ళు. మంచానపడ్డ మనిషి, చెవులు సరిగా వినిపించవు, ఊళ్ళో దైవభక్తురాలని పేరు. ఇరుగుపొరుగు 39 మంది ఆమె మంచిదని కాగితం మీద సంతకాలు చేసి ఇచ్చారు. ఆ రోజులలో అట్లా సంతకం చేయడమంటే తామూ అనుమానానికి గురికావడమే. జ్యూరీ వారు మొదట ఆమె నిర్దోషి అన్నారు. కోర్టులో గగ్గోలు పుట్టింది. మరొకసారి ఆలోచించమన్నారు న్యాయమూర్తులు. ఆమె అన్న మాట ఒకదానికి అర్థం చెప్పమని అడిగితే చెవుడువల్ల ఆమె పలకలేదు. ఆ మౌనం నేరానికి రుజువైపోయింది. జూలై 19న మరి నలుగురు స్త్రీలతోపాటు ఆమెను ఉరితీశారు. కొడుకులు రాత్రివేళ వెళ్ళి శవాన్ని రహస్యంగా తెచ్చి ఈ పొలంలోనే పూడ్చారని ఆ కుటుంబంలో తరతరాలుగా చెప్పుకుంటారు. 1885లో కట్టిన స్మారకస్తంభం చెట్ల మధ్య నిలిచి ఉన్నది.

జూన్ 10 నుంచి సెప్టెంబరు 22 వరకు ఉరికంబమెక్కినవారు 19 మంది. స్త్రీలు 14, పురుషులు 5. వీరిని సజీవదహనం చేశారని చాలామంది అనుకుంటారు గాని, అది నిజం కాదు. ఇరవయ్యోవాడు జైల్స్ కోరీ. ఎనభై ఏళ్ళ ముసలి రైతు. ఈ కోర్టు ముందు నేను దోషినని గాని కాదని గాని అననన్నాడు. నోరు తెరిపించడానికి పలకకింద పడుకోబెట్టి పైన బండలు పేర్చారు. ఇంకా బరువు పెట్టండి అన్నాడే తప్ప మరో మాట అనలేదని ప్రతీతి. అట్లాగే ప్రాణం విడిచాడు. ఇంకా కనీసం అయిదుగురు జైలులోనే చనిపోయారు. సారా గుడ్ కూతురు, నాలుగయిదేళ్ళ పసిబిడ్డను కూడా సంకెళ్ళు వేసి నెలల తరబడి ఉంచారు.

మిల్లర్ వచ్చి కాగితాలు చదివిన ఊరు

ఆర్థర్ మిల్లర్ 1952లో సేలం వచ్చి ఆనాటి విచారణల రికార్డులు చదివాడు. అప్పుడు అమెరికాలో మరొక భయం వ్యాపించి ఉన్నది. కమ్యూనిస్టులెవరో తేల్చడానికి కాంగ్రెసు విచారణ సంఘం రచయితలను, నటులను పిలిచి ప్రశ్నిస్తున్నది. నీ సంగతి చెప్పడం చాలదు, నీతో ఉన్నవారి పేర్లు చెప్పు అన్నది దాని పట్టు. పేర్లు చెప్పినవారికి పని దొరికేది. చెప్పనివారికి తలుపులు మూతపడేవి. మిల్లర్ నాటకాలకు అంతకుముందు దర్శకత్వం వహించిన ఆప్తమిత్రుడు ఎలియా కజాన్ ఆ ఏప్రిల్‌లోనే పేర్లు చెప్పాడు. ఇద్దరి స్నేహమూ తెగిపోయింది. సేలం కాగితాలలో మిల్లర్‌కు కనిపించినది రెండువందల అరవై ఏళ్ళ కిందటి సంగతి మాత్రమే కాదు. ఆనాటి ఉదయపు దినపత్రిక కూడా.

'ది క్రూసిబుల్' 1953 జనవరి 22న న్యూయార్కులో రంగస్థలం ఎక్కింది. క్రూసిబుల్ అంటే కంసాలి కుంపటిలో బంగారం కరిగించే మూస. మలినం విడిపోయి అసలు లోహం బయటపడేది అందులోనే. మొదట విమర్శకులు అంతగా ఆదరించకపోయినా ఆ ఏడు ఉత్తమ నాటకంగా టోనీ బహుమతి అందుకున్నది. తరువాత దేశదేశాలలో ఎన్ని భాషలలో ఆడిందో లెక్కలేదు.

కథానాయకుడు జాన్ ప్రాక్టర్ అనే రైతు. తప్పు చేసినవాడు, భార్య ముందు తలెత్తలేనివాడు. చివరి అంకంలో ప్రాణం మీద తీపితో నేరం ఒప్పుకుంటానంటాడు. ఇతరుల పేర్లు చెప్పమంటే చెప్పడు. సంతకం చేసిన కాగితాన్ని చర్చి తలుపుకు అంటిస్తామనేసరికి చింపి పారేస్తాడు. ప్రాణం ఇవ్వగలడు గాని పేరు ఇవ్వలేడు. ఆ ఘట్టం తరగతిలో చెప్పినప్పుడల్లా వెనుకబెంచీల వారు సైతం కదలకుండా వినడం నేను చూశాను.

చరిత్రలోని ప్రాక్టర్ వేరు. ఆయనకు అప్పటికి అరవై ఏళ్ళు. ఎన్నడూ నేరం ఒప్పుకోలేదు. జైలు నుంచి జూలై 23న బోస్టన్ మతగురువులకు లేఖ రాసి, ఒప్పించడం కోసం కుర్రవాళ్ళను మెడా కాళ్ళూ కలిపి కట్టి ముక్కున రక్తం కారేదాకా హింసిస్తున్నారని, వారిలో తన కొడుకూ ఉన్నాడని, విచారణ వేరే చోటికి మార్చమని మొరపెట్టుకున్నాడు. ఆగస్టు 19న ఉరితీశారు. గర్భవతి కావడంవల్ల భార్య ఎలిజబెత్‌కు శిక్ష వాయిదాపడి ప్రాణం దక్కింది. ఇక ఆబిగైల్ వయస్సును మిల్లర్ పదిహేడుకు పెంచి, ప్రాక్టర్ వయస్సును ముప్ఫైలలోకి దించి, ఇద్దరికీ మధ్య ఒక చాటు సంబంధం కల్పించాడు.

ఇక్కడే మా అమ్మాయికీ నాకూ వాదం వచ్చింది. "పదకొండేళ్ళ పిల్లను అట్లా చేయడం ఏం న్యాయం పెదనాన్నా? పెద్దవాళ్ళు చేసిన నేరమంతా ఒక అమ్మాయి అసూయ మీదికి నెట్టినట్టు కాలేదూ?" అన్నది. ప్రశ్నలో బలం లేకపోలేదు. వారెంట్లు రాసింది పిల్లలు కాదు. ఛాయల సాక్ష్యాన్ని ఒప్పుకున్నది పిల్లలు కాదు. తీర్పు మార్చమన్నది పిల్లలు కాదు. నాటకకర్తకు కారణం ఒకే మనిషిలో కనిపించాలి. చరిత్రకు వందమందిలో వెతకాలి. నాటకం చూసినవారు ఆ వందమందిని మరిచిపోకూడదు. అందుకే ఈ ఊరు కూడా చూడాలంటాను.

మిల్లర్‌కు తన పాత్రకు వచ్చిన పరీక్షే వచ్చింది. 1956లో ఆ విచారణ సంఘం ఆయననే పిలిచి, ఫలానా సమావేశంలో ఎవరెవరున్నారో చెప్పమన్నది. నా సంగతి చెబుతాను, ఇతరుల పేర్లు చెప్పనన్నాడు. 1957లో ధిక్కారనేరం కింద శిక్ష పడింది; 1958లో పై కోర్టు కొట్టివేసింది.

చార్టర్ వీధిలో

మధ్యాహ్నం దాటాక పట్టణానికి తిరిగి వచ్చి చార్టర్ వీధిలోని స్మారకస్థలానికి వెళ్ళాము. దాని నమూనాను 1991లో మిల్లరే లోకానికి చూపించాడు. 1992 ఆగస్టులో, మూడువందల ఏళ్ళు నిండిన సంవత్సరంలో, నోబెల్ శాంతి బహుమతి గ్రహీత ఎలీ వీజెల్ ఆవిష్కరించాడు. విగ్రహం లేదు, గోపురం లేదు. నలుచదరపు ఆవరణ, మూడు వైపుల మోకాటికి పై ఎత్తున రాతిగోడ, మధ్య నాలుగైదు చెట్లు. గోడలోంచి మన ఇంటి అరుగుల్లాగా ఇరవై రాతిపలకలు ముందుకు వచ్చి ఉంటాయి. ఒక్కొక్క దానిమీద పేరు, ఉరి అనే మాట, తేదీ. కోరీ పలకమీద మాత్రం 'అదిమి చంపబడ్డాడు' అని ఉంటుంది. లోపలికి వెళ్ళేచోట నేలరాళ్ళమీద వారు కోర్టులో నిర్దోషులమంటూ చెప్పుకున్న మాటలు చెక్కారు. ఆ వాక్యాలు గోడ కిందికి వెళ్ళి మధ్యలోనే తెగిపోతాయి. ఆనాడు వారి మాట వినకుండానే ఆపేశారు గదా!

ఎవరో ఒక పలకమీద పూలు పెట్టి వెళ్ళారు. మరో దానిమీద చిన్న గులకరాళ్ళు పేర్చి ఉన్నాయి. వీధిలోని టోపీలమ్మే గోల ఇక్కడికి వినిపించదు. గోడకు అవతల పాత శ్మశానవాటిక. ముద్దాయిలను గద్దించి ప్రశ్నించిన మెజిస్ట్రేటు జాన్ హాథార్న్ సమాధి అందులోనే ఉన్నది. ఆయన వంశంలోనే నవలాకారుడు నథానియల్ హాథార్న్ పుట్టాడు. ముత్తాతల కీర్తికి సిగ్గుపడి కాబోలు, తన ఇంటిపేరులో ఒక అక్షరం కలిపి మార్చుకున్నాడు.

ఉరితీసిన చోటు ఏదో చాలాకాలం తగాదాగా ఉండేది. కొండ శిఖరమని జనం అనుకునేవారు. కాదు, దిగువన ప్రాక్టర్స్ లెడ్జ్ అనే రాతిగట్టు అని 2016లో పరిశోధకులు నిర్ధారించారు. ఇప్పుడది ఇళ్ళ మధ్య, ఒక మందులషాపు వెనుక ఉన్నది. 2017 జూలై 19న అక్కడ చిన్న గోడ కట్టి 19 పేర్లు చెక్కారు.

మనకూ తెలిసిన కథే

దూరదేశపు పాతకథ అని నవ్వుకుని వచ్చేయడానికి వీలులేదు. మన భాషలో చేతబడి, బాణామతి, చిల్లంగి అనే మాటలు ఉన్నాయి. బిడ్డకు జ్వరం వస్తే, పాడిగేదె చస్తే, ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలమ్మ వైపు వేలు చూపించిన వార్తలు మన పత్రికలలోనూ చదువుతూనే ఉన్నాము. 'కన్యాశుల్కం'లో పూజారి గవరయ్య దయ్యాన్ని సీసాలో పెట్టి బిరడా బిగించానంటే విరగబడి నవ్వుతాము. ఆ నాటకం మొదటిసారి విజయనగరంలో ఆడినది 1892లో. సేలం విచారణలకు సరిగ్గా రెండువందల ఏళ్ళు. గురజాడ నవ్వించి చెప్పినదాన్ని మిల్లర్ వణికించి చెప్పాడు. ఉత్తరాదిన ఇలాంటి నిందలను నేరం చేస్తూ బీహారులో 1999లో, జార్ఖండ్‌లో 2001లో చట్టాలు వచ్చాయి. మంత్రగత్తె అని తరిమివేయబడి, తనవంటి స్త్రీల తరఫున నిలబడి పోరాడిన జార్ఖండ్ మహిళ చుట్నీ మహతోకు 2021లో పద్మశ్రీ లభించింది. నిందవేసినవాడు సాక్ష్యం చూపాలా, నిందపడ్డవారు సత్యం నిరూపించుకోవాలా అన్న ప్రశ్న సేలంలోనిదే, మన ఊరిదే.

సేలం తన తప్పు దిద్దుకోవడానికి ఎంతకాలం పట్టిందో వింటే ఆశ్చర్యం వేస్తుంది. 1692 అక్టోబరులో గవర్నరు ఆ కోర్టును రద్దు చేశాడు. కొత్త కోర్టు ఛాయల సాక్ష్యం చెల్లదనేసరికి కేసులు దాదాపు అన్నీ కూలిపోయాయి. 1697లో శామ్యూల్ సీవాల్ అనే న్యాయమూర్తి చర్చిలో అందరి ముందు లేచి నిలబడి, తన పశ్చాత్తాప పత్రం చదివించుకున్నాడు. ప్రధాన న్యాయమూర్తి స్టౌటన్ మాత్రం ఎన్నడూ క్షమాపణ చెప్పలేదు. నిందలు మోపిన పిల్లలలో ఆన్ పట్నం పెద్దదై 1706లో క్షమించమన్నది. 1711లో చాలామంది శిక్షలు రద్దుచేసి వారసులకు 578 పౌండ్ల 12 షిల్లింగులు పంచారు. అయినా కొన్ని పేర్లు మిగిలిపోయాయి. వాటిలో కొన్ని 1957లో, మరి కొన్ని 2001లో తొలగాయి.

చిట్టచివరికి ఒక్క పేరు మిగిలింది: ఎలిజబెత్ జాన్సన్. 22 ఏళ్ళ వయసులో ఉరిశిక్ష పడి, గవర్నరు దయవల్ల బతికి బయటపడింది. పెళ్ళికాలేదు, పిల్లలు లేరు. ఆమె తరఫున అడిగే వారసులు లేకపోయారు. నార్త్ ఆండోవర్ అనే ఊళ్ళో ఎనిమిదో తరగతి పిల్లలు తమ ఉపాధ్యాయురాలితో కలిసి పాత కాగితాలు తిరగేసి, శాసనసభకు విన్నవించి, పట్టు విడవకుండా వెంటపడ్డారు. 2022లో ఆ పేరు కూడా నిర్దోషమయింది. శిక్షపడిన నాటినుంచి లెక్కిస్తే 329 ఏళ్ళు. నింద వేయడానికి ఒక పిల్ల నోట ఒక్క మాట చాలింది. దానిని తుడవడానికి ఇంతమంది పిల్లలు బడి మానకుండా ఏళ్ళ తరబడి పనిచేయవలసి వచ్చింది.